యంత్రాలు పలికే మాటలకు ఒక నిఘంటువు

పడుగు, పేక అన్న మాటలు తెలియని తెలుగువారు అరుదు. ఇక్కడ సూరత్ నగరంలోని లింబాయత్, ఉధ్నా ప్రాంతాలలో ఆ మాటలు నేటికీ నిత్యం వినిపిస్తూ ఉంటవి. ఉమ్మడి కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుండి దశాబ్దాల క్రితమే తరలివచ్చిన నేత కుటుంబాలు ఈ నగరంలోని మరమగ్గాలపై జీవనం సాగిస్తున్నవి. వారి పిల్లల కొరకు నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను సైతం నడుపుతున్నది.

ఆ మగ్గాల శాలలో ఒకే దారాన్ని మన నేతన్న పడుగు అంటాడు. గుజరాతీ యజమాని తాణో అంటాడు. యంత్రాన్ని తయారు చేసినవారి పుస్తకంలో అది వార్ప్. వస్తువు ఒక్కటే, పేర్లు మూడు. మనుషుల నడుమ ఇది పెద్ద చిక్కు కాదు. చేయి చూపి, ముఖం చూచి, ఒకరి మాట ఒకరు గ్రహించగలరు. యంత్రాలకు ఆ శక్తి లేదు. పది యంత్రాలను తీగెలతో కలిపి ఒక కంప్యూటరుకు అనుసంధానం చేసినంత మాత్రాన అవి ఒకే భాష మాట్లాడవు. వాటికి ఉమ్మడి భాషను ఏర్పరచవలసినది మనమే. యంత్రాలు పంపే సంకేతాలకు ప్రామాణికమైన నిర్వచనాలను కూర్చి కాపాడుకొనే ఆ పని గురించి ఈ వ్యాసంలో ముచ్చటిస్తున్నాము.

మగ్గం ఎందుకు ఆగినది?

మరమగ్గంపై ప్రతి పడుగు పోగుకూ ఒక పలుచని లోహపు రేకు వేలాడుతూ ఉంటుంది. పోగు తెగినచో ఆ రేకు క్రిందికి జారి విద్యుత్ వలయాన్ని కలుపుతుంది. తక్షణమే మగ్గం ఆగుతుంది. పేక తెగినను ఆపే ఏర్పాటు వేరుగా కలదు. ఇవి గాక పడుగు చుట్టిన బీము అయిపోయినను, కరెంటు పోయినను, మరమ్మతు చేసే మేస్త్రీ రాక కొరకు వేచియున్నను మగ్గం ఆగియే ఉంటుంది.

కొత్త తరహా మగ్గాలు ఈ సమాచారాన్ని కార్యాలయంలోని కంప్యూటరుకు పంపగలవు. అక్కడ తెరపై “ఆగినది” అన్న ఒక్క మాట మాత్రమే కనిపించినదనుకొందాము. ఎనిమిది గంటల పనిలో రెండు గంటలు మగ్గం నిలిచిపోయినదని యజమానికి తెలుస్తుంది. కాని ఎందువలన? నాసిరకం నూలు వలన పోగులు తెగినవా, కరెంటు లేకనా, మేస్త్రీ ఆలస్యమా, నేతన్న అలసత్వమా? నేసిన మీటర్లను బట్టి కూలి ముట్టే కార్మికునికి ఈ తేడా అన్నము మెతుకుల వంటిది. సంకేతానికి సరియైన నిర్వచనం లేనిచోట నింద చివరకు బలహీనుని పైననే పడుతుంది. కావున ఇది కేవలం ఇంజనీర్ల వ్యవహారమని భావించరాదు.

నూరు, మూడు వేలు

ఇప్పుడు మగ్గాల శాల నుండి, అదే సూరత్ సమీపాన హజీరా మార్గంలో ఉన్న మన కవాస్ విద్యుత్ కేంద్రానికి వద్దాము. నాలుగు గ్యాస్ టర్బైన్లు, రెండు ఆవిరి టర్బైన్లు కలసి 656 మెగావాట్ల సామర్థ్యం గల కేంద్రమిది. పొరుగున భరూచ్ జిల్లాలో ఝనోర్ వద్దనున్న గాంధార్ కేంద్రం సామర్థ్యం 657 మెగావాట్లు. సామర్థ్యాలు ఇంచుమించు సమానమే అయినను అక్కడి యంత్రాల కూర్పు వేరు. ఇటువంటి పెక్కు కేంద్రాల సమాచారాన్ని ఒకచోట చేర్చి చూడవలసి వచ్చినప్పుడు అసలు సమస్య ఎదురవుతుంది.

ఒక ఉదాహరణ చూడండి. జనరల్ ఎలక్ట్రిక్ రూపకల్పనకు చెందిన గ్యాస్ టర్బైన్లలో భ్రమణ వేగాన్ని టి.ఎన్.హెచ్. అన్న పేరుతో శాతంలో చూపుతారు. పూర్తి వేగమనగా 100. మరొక యంత్రం అదే వేగాన్ని నిమిషానికి ఎన్ని చుట్లో చూపుతుంది. 50 హెర్ట్జ్ గ్రిడ్డుకు నేరుగా అనుసంధానమై తిరిగే రెండు ధ్రువాల జనరేటరుకు అది 3000. ఒకటి నూరనగా మరొకటి మూడు వేలన్నది. రెండును సత్యమే, రెండును ఒకే వేగము! ఈ సంగతి తెలియని కంప్యూటరు రెండింటికీ సగటు కట్టి 1550 అని చూపినచో, ఆ అంకెకు అర్థమే ఉండదు.

ఈ గందరగోళాన్ని నివారించుటకే జర్మనీ విద్యుత్ రంగ నిపుణులు 1970వ దశకంలో కె.కె.ఎస్. అన్న గుర్తింపు పద్ధతిని రూపొందించారు. అందులో ప్రతి యంత్ర భాగానికీ, ప్రతి కొలతకూ అక్షరాలతో, అంకెలతో కూడిన పేరు ఉంటుంది. ఎం.బి. అనగా గ్యాస్ టర్బైను, ఎం.కె. అనగా జనరేటరు. సి.టి. ఉష్ణోగ్రత, సి.పి. పీడనము, సి.ఎల్. మట్టము, సి.ఎస్. వేగము. పేరు చూడగానే ఏ యూనిట్టులో, ఏ యంత్రంపై, ఏ కొలత అన్నది తెలిసిపోతుంది. మన ఇండ్లలో ఇంటిపేరు, పేరు కలిపి పిలిచినట్లే ఇదియును.

దీపం చెప్పని సత్యం

పేరు కుదిరినంత మాత్రాన పని పూర్తి కాదు. ఆ పేరుకు అర్థమేమిటో ఒక వాక్యంలో స్పష్టంగా వ్రాయవలెను. ఇందుకు చరిత్రలో నిలిచిన ఒక గుణపాఠం కలదు.

1979 మార్చి 28 తెల్లవారుజామున అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో త్రీ మైల్ ఐలాండ్ అణు విద్యుత్ కేంద్రం రెండవ యూనిట్టులో పీడనాన్ని తగ్గించే కవాటమొకటి తెరుచుకొని, మరల మూసుకొనక ఇరుక్కుపోయినది. నియంత్రణ గదిలో మాత్రం దానికి సంబంధించిన దీపం ఆరిపోయినది. దీపం ఆరినది గనుక కవాటం మూసుకొన్నదని సిబ్బంది తలచారు. వాస్తవానికి ఆ దీపం చెప్పినది “మూసుకొనుటకు ఆజ్ఞ పంపబడినది” అని మాత్రమే. “మూసుకొన్నది” అని కాదు. రెండు గంటలకు పైగా చల్లార్చు నీరు ఆ మార్గాన బయటకు పోయినది. రియాక్టరు గర్భంలో కొంత భాగం కరిగిపోయినది. ఆ ప్రమాదానికి ఇతర కారణాలును ఉన్నవి గాని, ఆజ్ఞకును ఆచరణకును నడుమగల తేడాను ఆ ఒక్క దీపం దాచివేసినదన్నది సత్యం.

నేటి ప్రమాణాలు ఈ పాఠాన్ని నేర్చుకొన్నవి. విద్యుత్ ఉపకేంద్రాల కొరకు ఏర్పడిన ఐ.ఇ.సి. 61850 అన్న అంతర్జాతీయ ప్రమాణంలో సర్క్యూట్ బ్రేకరు స్థితికి రెండు కాదు, నాలుగు విలువలు కలవు: తెరచి ఉన్నది, మూసి ఉన్నది, మధ్యలో ఉన్నది, సమాచారం చెడినది. తెలియనప్పుడు తెలియదని నిజాయితీగా చెప్పుట యంత్రానికైనను అవసరమే. బస్సులు, లారీలు వంటి భారీ వాహనాల కొరకు వాడే జె 1939 ప్రమాణం కూడ ఇట్టిదే. ఒక బైటుతో పంపే కొలతలలో 255 వచ్చినచో “సమాచారం లేదు” అనియు, 254 వచ్చినచో “పరికరంలో దోషమున్నది” అనియు అర్థం. సున్నకును, తెలియదన్న మాటకును ఎంతటి వ్యత్యాసమున్నదో గమనించగలరు.

అంకెకు తోడుగా ఏమి ఉండవలెను?

తాపీ నది సూరత్ వాసులందరికీ ప్రాణాధారము. ఎగువన ఉకాయ్ జలాశయం పూర్తి మట్టం 345 అడుగులు. నగరంలో నెహ్రూ వంతెన వద్ద ప్రమాద సూచిక 9.5 మీటర్లు. విడుదలయ్యే నీటిని క్యూసెక్కులలో చెబుతారు. 2006 ఆగస్టు వరదను చవిచూచిన ఈ నగరానికి ఆ అంకెలు కంఠస్థమే. ఏది అడుగో, ఏది మీటరో ఇక్కడి పౌరునికి ఎవరును చెప్పనవసరం లేదు. కాని ఈ అంకెలనే ప్రమాణం పేరు లేకుండ ఒక యంత్రానికి అందించినచో అది 345ను మీటర్లుగా స్వీకరించుటకు ఏ అభ్యంతరమును చెప్పదు.

ఇది ఊహ మాత్రమే కాదు. 1999 సెప్టెంబరు 23న అంగారక గ్రహ కక్ష్యలో ప్రవేశించవలసిన అమెరికా అంతరిక్ష నౌక మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ నశించినది. భూమిపైనున్న ఒక కంప్యూటరు కార్యక్రమం రాకెట్టు తాకిడిని పౌండ్లలో లెక్కించి పంపగా, దానిని అందుకొన్న మరొక కార్యక్రమం న్యూటన్లుగా భావించినది. ఆ రెండింటి నడుమ తేడా సుమారు నాలుగున్నర రెట్లు.

కావున నిఘంటువులో ప్రతి సంకేతానికీ ఈ క్రింది వివరాలు తప్పక ఉండవలెను.

1. పేరు: సంస్థ అంతటికీ ఒక్కటే.
2. అర్థం: ఏది కొలవబడుతున్నది, ఏ స్థానంలో, ఆజ్ఞయా లేక వాస్తవ స్థితియా.
3. ప్రమాణం: అడుగులా, మీటర్లా, శాతమా.
4. హద్దులు: సహజంగా ఎంత నుండి ఎంత వరకు ఉండవచ్చును.
5. దిశ: గ్రిడ్డుకు వెళ్ళే విద్యుత్తు ధనమా, ఋణమా. కేంద్రానికి “పోయినది” గ్రిడ్డుకు “వచ్చినది” కదా!
6. కాలం: ఏ గడియారం ప్రకారం. భారత కాలమానానికీ, అంతర్జాతీయ కాలమానానికీ అయిదున్నర గంటల తేడా కలదు. ఏ సంఘటన ముందు, ఏది వెనుక అన్నది తేల్చుటకు ఇదియే ఆధారం.
7. విశ్వసనీయత: ఈ విలువ నమ్మదగినదా, కాదా.
8. సంరక్షకుడు: ఈ నిర్వచనానికి బాధ్యులైన విభాగమేది.

నిఘంటువును పోషించుట

నిఘంటువు కూర్చుట ఒక ఎత్తు, దానిని సజీవంగా నిలుపుట మరొక ఎత్తు. తయారీదారు యంత్రానికి పెట్టిన పేర్లను చెరిపివేయనవసరం లేదు. యంత్రం తన భాషలోనే మాట్లాడనీయండి. సమాచారం ఉమ్మడి వ్యవస్థలోకి అడుగిడే ద్వారం వద్దనే దానిని ఉమ్మడి పేరులోకి, ఉమ్మడి ప్రమాణంలోకి మార్చవలెను. నేతన్న పడుగు అన్నను, యజమాని తాణో అన్నను, పద్దు పుస్తకంలో ఒకే మాట ఉండుట వంటిదే ఇది.

రెండవది, ఉమ్మడి పేర్లు క్లుప్తంగా ఉండవలెను. అన్ని కేంద్రాలకూ అవసరమైనవే అందులో చేర్చి, ఒక్కొక్క కేంద్రానికి ప్రత్యేకమైన వాటికి వేరు విభాగం కేటాయించవలెను. అట్లుగాక ప్రతివారి కోరికనూ మూలంలో చేర్చినచో నిఘంటువు సంతగా మారును.

మూడవది, వాడుక నుండి తొలగించిన పేరును మరొక కొలతకు ఎన్నడును ఇవ్వరాదు. పదవీ విరమణ చేసిన ఉద్యోగి సంఖ్యను కొత్తవారికి కేటాయించినచో భవిష్యనిధి లెక్కలు ఏమగునో మనకు తెలియనిది కాదు. పాత దస్తావేజులలో ఆ పేరు పాత అర్థంతోనే జీవించి ఉంటుంది.

నాల్గవది, పరీక్ష. కాగితంపై వ్రాసినది సరియే అని సంతృప్తి చెందరాదు. ఒకరు కవాటం వద్ద నిలబడి దానిని స్వయంగా కదిలించవలెను. మరొకరు తెర వద్ద కూర్చుండి సరియైన పేరు, సరియైన విలువ కనిపించినదో లేదో చూడవలెను. ఈ పని విసుగు పుట్టించును. అయినను రాత్రి షిఫ్టులో ఒంటరిగా తెర ముందు కూర్చుండే సహోద్యోగి ప్రాణానికి ఈ విసుగే రక్ష.

వంటింటి వరకు

ఈ విషయం మా ఇంటికి దూరమని సోదరీమణులు తలచవచ్చును. కవాస్ ఉద్యోగుల నివాసమైన ఆదిత్య నగర్ ఉదంతం వినండి. 2022 జూలై 30న ప్రధానమంత్రి శంకుస్థాపన చేసిన పథకం ప్రకారం, 2023 జనవరి నుండి అక్కడి ఇండ్లకు గొట్టాల ద్వారా వచ్చే వంట గ్యాసులో హరిత హైడ్రోజను కలుపుట ఆరంభమైనది. ఆరంభంలో దాని పాలు ఘనపరిమాణంలో 5 శాతం. గుజరాత్ గ్యాస్ సంస్థ ఇందులో భాగస్వామి. దేశంలో ఇది తొలి ప్రయత్నముగా పేరొందినది.

ఒక ఘనపు మీటరు హైడ్రోజను ఇచ్చే వేడి, అంతే సహజవాయువు ఇచ్చే వేడిలో సుమారు మూడవ వంతు మాత్రమే. కావున అయిదు శాతం కలిపినచో ఒక ఘనపు మీటరు గ్యాసు ఇచ్చే వేడి మూడు నుండి మూడున్నర శాతం వరకు తగ్గును. మీటరు అదే, గొట్టం అదే, పేరును అదే. అర్థం మాత్రం కొద్దిగా మారినది. నిఘంటువులో “గ్యాసు ప్రవాహం” అన్న పాత మాటనే ఉంచి ఊరుకొన్నచో, నిన్నటి ఘనపు మీటరునూ నేటి ఘనపు మీటరునూ ఒకటిగా కూడివేసే ప్రమాదం కలదు. మిశ్రమం పాళ్ళు, వేడి విలువ, మార్పు జరిగిన తేదీ వ్రాసి నిర్వచనానికి కొత్త సంచిక వెలువరించుటయే తగిన మార్గం. ప్రపంచం మారుతున్నది గనుక మాటల అర్థాలను కూడ ఎప్పటికప్పుడు సరిచూచుకొనుచుండవలెను.

మన కర్తవ్యం

పడుగు పోగులు వేలకొలది ఉండవచ్చును. ఒక్కొక్కటి తన స్థానంలో ఉన్నప్పుడే పేక సాఫీగా సాగి వస్త్రమగును. సంకేతాలును అట్టివే. మన విభాగంలో ఏ తెర చూచినను, ఏ నివేదిక చదివినను, ఒక్క క్షణం ఆగి “ఈ అంకె దేనిని చెబుతున్నది? ఆజ్ఞనా, వాస్తవాన్నా? ఏ ప్రమాణంలో? ఎవరి గడియారం ప్రకారం?” అని ప్రశ్నించుకొందాము. సమాధానం దొరకనిచో మొహమాటపడక అడుగుదాము, దొరికినచో వ్రాసి పెడదాము. ఆ వ్రాసిన వాక్యం రేపు మన స్థానంలోకి వచ్చే యువ ఉద్యోగికి దారి చూపును. మగ్గం ఆగిన కారణం సరిగా నమోదైన నాడు నేతన్నకు న్యాయం జరిగినట్లే, మన తెరపై ప్రతి మాటకూ ఒకే అర్థం నిలిచిన నాడు మన సహోద్యోగికి రక్షణ చేకూరును.