ప్రోటీన్ నిర్మాణంలో జలవిరోధి కోర్ అవశేషాలను గుర్తించడం

ఉద్దేశాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు:
• జలవిరోధి కోర్ అంటే ఏమిటో వివరించగలుగుతారు.
• ఒక అవశేషం కోర్‌కు చెందుతుందో లేదో నిర్ణయించగలుగుతారు.
• కోర్ బయటపడితే కలిగే పరిణామాన్ని తెలపగలుగుతారు.

1. పరిచయం

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతంలో పెద్దవాళ్లను కంటి శుక్లం ఆపరేషన్‌కు తీసుకెళ్లడం మీరు చూసే ఉంటారు. కంటి కటకం మధ్యభాగంలోని ప్రోటీన్లు మనం పుట్టకముందే తయారవుతాయి. పాడైనవాటి స్థానంలో కొత్తవి రావు. వాటి మడత క్రమంగా చెదిరి, అవి ఒకదానికొకటి అతుక్కుని గుమికూడితే కటకం మసకబారుతుంది. ఎందుకు అతుక్కుంటాయి? మడత లోపల దాగి ఉండవలసిన భాగం బయటపడటం దీనికి ఒక ముఖ్య కారణం. ఆ దాగిన భాగమే జలవిరోధి కోర్.

నీటిలో ఉన్న ప్రోటీన్ గొలుసు మడత పడేటప్పుడు, నీటితో కలవని పార్శ్వ శృంఖలాలు లోపలికి చేరి దగ్గరగా సర్దుకుంటాయి. ఆవేశం గలవి ఎక్కువగా ఉపరితలంపై నీటివైపు ఉంటాయి.

2. అడగవలసిన రెండు ప్రశ్నలు

మొదటి ప్రశ్న: ఈ అవశేషం జలవిరోధియేనా? ఇందుకు కైట్, డూలిటిల్ 1982లో ఇచ్చిన కొలమానం ఉపయోగపడుతుంది. ఐసోల్యూసిన్‌కు 4.5, వాలీన్‌కు 4.2, ల్యూసిన్‌కు 3.8, ఫినైల్ అలనిన్‌కు 2.8 విలువలు. లైసిన్‌కు –3.9, ఆర్జినిన్‌కు –4.5. విలువ ఎంత ఎక్కువైతే అంత జలవిరోధి.

రెండవ ప్రశ్న: ఇది నిజంగా లోపల ఉందా? లీ, రిచర్డ్స్ 1971లో దీనికి ఒక పద్ధతి చూపారు. నీటి అణువుకు బదులుగా 1.4 ఆంగ్‌స్ట్రామ్‌ల వ్యాసార్ధం గల గోళాన్ని ప్రోటీన్ ఉపరితలంపై దొర్లిస్తున్నట్లు లెక్కిస్తారు. గోళం తాకగలిగినంత మేర నీటికి అందే వైశాల్యం. దాన్ని ఆ అవశేషం పూర్తిగా తెరిచి ఉన్నప్పుడు ఉండే గరిష్ఠ వైశాల్యంతో భాగించి 100తో గుణిస్తే సాపేక్ష వైశాల్యం వస్తుంది.

ఉదాహరణ: ల్యూసిన్ గరిష్ఠ వైశాల్యం సుమారు 200 చదరపు ఆంగ్‌స్ట్రామ్‌లు. ఒక ల్యూసిన్‌కు 10 మాత్రమే అందుతుంటే, 10 ÷ 200 × 100 = 5 శాతం. సాధారణంగా 20 శాతం కంటే తక్కువైతే దాగినదిగా లెక్కిస్తారు. కొందరు ఇంకా తక్కువ హద్దు పెడతారు. మీరు ఏ హద్దు వాడారో జవాబులో తప్పక రాయాలి.

3. యుబిక్విటిన్ ఉదాహరణ

ప్రోటీన్ డేటా బ్యాంక్ 1971లో మొదలైంది. అందులోని నిర్మాణాలను ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. చంద్రశేఖరపురంలో ఉండి చదువుకునే మీకు ప్రయోగశాల దగ్గరలో లేకపోయినా, ఇంటర్నెట్ ఉన్న కంప్యూటర్ ఉంటే చాలు. 1యుబిక్యు అనే సంకేతంతో వెతికితే యుబిక్విటిన్ నిర్మాణం వస్తుంది. దీనిలో 76 అవశేషాలున్నాయి. డి.ఎస్.ఎస్.పి. అనే ప్రోగ్రాం ప్రతి అవశేషానికి నీటికి అందే వైశాల్యాన్ని ఇస్తుంది.

మొదటి బీటా పోగును చూడండి. అందులో 1, 3, 5 స్థానాలు లోపలివైపు, 2, 4, 6 స్థానాలు బయటివైపు ఉంటాయి. 4వ స్థానంలో ఉన్నది ఫినైల్ అలనిన్. అది జలవిరోధి అయినా కోర్‌లో లేదు. ఆల్ఫా సర్పిలంలో మూడు నాలుగు స్థానాలకొకటి లోపలికి తిరుగుతుంది. అందుకే 23, 26, 30 స్థానాల జలవిరోధులు కోర్‌లో కనిపిస్తాయి. 43, 56, 61, 67 స్థానాలవి కూడా కోర్‌కు చెందినవే.

ఇప్పుడు 8వ ల్యూసిన్, 44వ ఐసోల్యూసిన్, 70వ వాలీన్‌లను గమనించండి. మూడూ జలవిరోధులే, కానీ ఉపరితలంపై ఉన్నాయి. ఇతర ప్రోటీన్లు వచ్చి యుబిక్విటిన్‌ను పట్టుకునే చోటు ఇదే. దీనికి భిన్నంగా 27వ లైసిన్ ఆవేశం గలదైనా లోపల దాగి, 52వ ఆస్పార్టేట్‌తో లవణ బంధం ఏర్పరుస్తుంది. కాబట్టి గొలుసు క్రమాన్ని మాత్రమే చూసి కోర్‌ను నిర్ణయిస్తే పొరపాటు జరుగుతుంది.

గమనిక: అనేక గొలుసులున్న ప్రోటీన్‌లో ఒక్క గొలుసునే లెక్కిస్తే, గొలుసుల మధ్య దాగినవి బయట ఉన్నట్లు కనిపిస్తాయి. అందుకే మొత్తం సముదాయానికి కూడా లెక్క చేసి, రెండు ఫలితాలను పోల్చాలి.

4. కోర్ బయటపడితే

మడత సడలితే లోపలి జలవిరోధి భాగాలు నీటికి ఎదురై, పక్క అణువులోని అలాంటి భాగాలతో అతుక్కుంటాయి. కటకంలో దీన్ని అడ్డుకునే ప్రోటీన్ ఆల్ఫా క్రిస్టలిన్. హైదరాబాద్‌లోని సి.సి.ఎం.బి.కి చెందిన రామన్, మోహన్ రావు 1994లో ప్రచురించిన పరిశోధనలో, సుమారు 30 డిగ్రీల సెల్సియస్ దాటాక ఆల్ఫా క్రిస్టలిన్ నిర్మాణం మారి, దాని రక్షణ శక్తి పెరుగుతుందని చూపారు. సడలిన ప్రోటీన్లను పట్టుకోవడానికి దాని సొంత జలవిరోధి తలాలే తోడ్పడతాయి. అంటే, ఉపరితలంపై జలవిరోధి భాగం ఉండటం ప్రతిసారీ లోపం కాదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

ఒక ల్యూసిన్‌కు 16, మరొక ల్యూసిన్‌కు 120 చదరపు ఆంగ్‌స్ట్రామ్‌లు నీటికి అందుతున్నాయి. 20 శాతం హద్దు ప్రకారం కోర్‌లో ఉన్నది ఏది?

జవాబు: మొదటిది 8 శాతం, రెండవది 60 శాతం. మొదటిది మాత్రమే కోర్‌లో ఉంది.

5. సారాంశం

కోర్ అవశేషం జలవిరోధిగా ఉండాలి, నీటికి అందకుండా దాగి ఉండాలి. మొదటిది కొలమానంతో, రెండవది త్రిమితీయ నిర్మాణంతో తెలుస్తుంది. ఈ రెండూ కలిసినప్పుడే దాన్ని కోర్ అవశేషంగా గుర్తించాలి.