కార్జంలో తిత్తి కనిపిస్తే...

బక్రీద్ నాడు ఖుర్బానీ మాంసాన్ని ఇంటికి, బంధుమిత్రులకు, పేదలకు అని మూడు వాటాలు వేసి శ్రద్ధగా పంచుతాం. మరి పారేసే ముక్కల సంగతి? పైకి ఏ లోపమూ లేని జంతువునే ఏరి తెచ్చినా, కోసి చూస్తే ఒక్కోసారి కార్జంలోనో, ఊపిరితిత్తుల్లోనో తెల్లని నీటి తిత్తులు కనిపిస్తాయి. ఆ ముక్కను కోసి వీధి కుక్కకు విసిరేస్తాం. ఒక మొండి జబ్బుకు అక్కడే చేతులారా దారి వేస్తున్నామని మనలో ఎందరికి తెలుసు?

ఆ తిత్తుల్లో ఉండేవి ఎకినోకాకస్ అనే బద్దెపురుగు పిల్లలు. అవి కుక్క పేగుల్లో చేరి పెద్దవై గుడ్లు పెడతాయి. పురుగు సెంటీమీటరు పొడవు కూడా ఉండదు. కుక్క ఆరోగ్యంగానే కనిపిస్తుంది. గుడ్లు మాత్రం దాని మలంతో మట్టిలో, గడ్డిలో, ఆకుకూరల మీద పడతాయి. ఆ గడ్డి మేసిన గొర్రెలకు, మేకలకు మళ్లీ తిత్తులు వస్తాయి. మట్టిలో ఆడుకుని చేతులు కడగకుండా తినే పిల్లలకూ ఇదే ముప్పు.

మనిషి ఒంట్లో ఈ తిత్తి ఏళ్ల తరబడి మెల్లగా పెరుగుతుంది. చిన్ననాడు సోకింది పెద్దయ్యాక కడుపునొప్పిగానో, దగ్గుగానో బయటపడవచ్చు. లోపల పగిలితే ప్రాణాపాయం. చాలామందికి ఆపరేషన్ తప్పదు. అయితే మాంసం తిన్నందువల్ల ఈ జబ్బు రాదు. కుక్క మలంలోని గుడ్లు నోట్లోకి చేరితేనే వస్తుంది. కనుక ఖుర్బానీ మాంసాన్ని శంకించనక్కరలేదు.

19వ శతాబ్దంలో ఐస్‌లాండ్ దేశం ఈ జబ్బుతో అల్లాడింది. 1863లో క్రబ్బె అనే డెన్మార్క్ శాస్త్రవేత్త అక్కడికి వెళ్లి పరిశీలించాడు. తిత్తులున్న ముక్కలు కుక్కలకు వేయవద్దని చెప్పే చిన్న పుస్తకాన్ని అచ్చువేసి ఇంటింటికీ పంచారు. స్కానింగులు, నేటి మందులు లేని రోజులవి. అయినా జనం జాగ్రత్తపడ్డారు. క్రమంగా ఆ జబ్బు అక్కడ లేకుండా పోయింది.

మనమూ చేయగలిగిన పనే ఇది. తిత్తి కనిపిస్తే పగలగొట్టకుండా పక్కన పెట్టమని కసాయికి ముందే చెబుదాం. కుక్కలు తవ్వలేనంత లోతున గొయ్యి తీసి పాతిపెడదాం, లేదా కాల్చేద్దాం. కాపలా కుక్కలున్నవారు పశువైద్యుణ్ణి అడిగి పురుగుల మందు వేయించాలి. అన్నానికి ముందు పిల్లల చేతులు సబ్బుతో కడిగించాలి. ఈ బక్రీద్‌కు కత్తితో పాటు గడ్డపార కూడా సిద్ధం చేసుకుందాం.