ఎండకు నిద్రించి వానకు లేచే మొక్కలు

మే నెలలో భిలాయి ఉక్కునగరపు ముంగిళ్లలో నేల పెనమువలె కాగుతుంది. ఎండ 45 డిగ్రీలను సమీపించే ఆ రోజులలో పచ్చిక నిలవాలంటే పూటపూటా నీరు పోయవలసిందే. నీరు ఆపితే గడ్డి చచ్చి, నేల బయటపడి, గాలికి ఎర్రని దుమ్ము లేస్తుంది.

ఆ నీటికి వెల ఉన్నది. కర్మాగారానికి నీరందించే జలాశయాలలో తాండుల ఒకటి. 1921లో పూర్తయిన ఆ జలాశయం మొదట వరిపొలాల కోసం నిర్మించినది. ముంగిట్లో పోసే ప్రతి బిందెకూ ఎక్కడో ఒక మడితో బాంధవ్యం ఉన్నదన్నమాట.

మరి నేలను కప్పే ఉపాయమేమి? ముందుగా కాళ్ల క్రింది మట్టిని గుర్తించాలి. ఛత్తీస్‌గఢ్ రైతు తన నేలలకు నాలుగు పేర్లు పెట్టుకున్నాడు. మెట్టమీది ఎర్రని గులకనేల భాటా. ఇసుక కలిసిన పసుపుపచ్చని నేల మటాసి. పల్లపు నల్లరేగడి కన్హార్. మటాసికీ కన్హార్‌కూ నడిమిది డోర్సా. భాటాలో నీరు నిలువదు. కన్హార్ వానలో బంకయై, వేసవిలో నెర్రెలు విచ్చుతుంది. ఏటా కురిసే సుమారు 1200 మిల్లీమీటర్ల వానలో అధికభాగం జూన్, సెప్టెంబరు మాసాల నడుమనే కురుస్తుంది. ఈ నేలలో, ఈ వానతో బ్రతకనేర్చిన మొక్కలనే ఎన్నుకోవాలి.

గులకనేలకు విష్ణుక్రాంతం తగినది. నేలను అంటి ప్రాకుతూ చిన్న నీలిపూలు పూస్తుంది, ఎరువు కోరదు. నడిచే చోట గరికను మించినది లేదు. దాని కణుపులు పైనా, మట్టిలోనా సాగి నేలను అల్లుకుంటాయి. ఎండకు ఆకు మాడినా కణుపు చావదు. చెట్లనీడకు నేలతాడి, తడి నిలిచే కుళాయి దరికి సరస్వతి ఆకు నప్పుతాయి. ఎండపట్టున అటికమామిడి వేయవచ్చు. దాని తీగలు వేసవిలో ఎండిపోయినా, లావైన వేరు నేలలో నిద్రించి తొలకరికి మళ్లీ చిగురిస్తుంది. పునర్నవ అనే సంస్కృతనామం అందుకే సార్థకమైనది.

అమెరికాలోని ప్రెయిరీ తృణభూములది కూడా ఇదే రహస్యం. నాగలి పాలైన ఆ గడ్డిని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం 1930లలో ఒక పాతపొలంలో తిరిగి పెంచనారంభించినది. ఆ గడ్డికి ప్రాణం ఆకులో కాదు, లోతుకు దిగిన వేళ్లలో ఉన్నది.

త్వరగా కప్పుతుందన్న ఆశతో పరదేశపు తీగలను తేరాదు. అమెరికా ఖండాలకు చెందిన వెడేలియా పసుపు పూలతో కన్నులకింపుగా ఉంటుంది. కాని కణుపు నేలను తాకిన చోటనల్లా వేరూని, తక్కిన మొక్కలను అణచివేస్తుంది. వయ్యారిభామ కథ తెలియనిదెవరికి? 1955లో, భిలాయి కర్మాగారానికి సోవియట్ దేశంతో ఒప్పందం కుదిరిన ఏడాదిలోనే, పుణెలో కంటబడిన ఆ మొక్క నేడు దేశమంతటా ప్రాకినది.

నాటుటకు తొలకరి అదను. అంతకు ముందే కలుపు తీయాలి; గులకను ఎత్తి పారవేయరాదు. గరికను కణుపులతోను, అటికమామిడిని విత్తనంతోను వేయవచ్చు. నేలతాడిని ఔషధం కోసం అడవులలో విపరీతంగా త్రవ్వుతున్నారు కనుక నర్సరీలో పెంచిన దుంపనే కొనడం ధర్మం. తొలి వానకాలమంతా కలుపు తీస్తూ ఉండాలి. అన్నింటికన్న కష్టమైన పని మరొకటి ఉన్నది: మే నెలలో ఎండిన తీగలను చూచి, చచ్చినవని పెరికివేయకుండుట. వాటిపై రాలుటాకులు పరచి ఊరకుంటే చాలు.

గరిక, విష్ణుక్రాంతం రెండూ వినాయకుని ఇరువది యొక్క పత్రులలోనివే. ఈ మొక్కలు కుదురుకున్న ముంగిట్లో, చవితినాడు ఆ రెండింటి కోసం బజారుకు పోనక్కరలేదు.