పాత కెమెరా నిజంగా పాడైందా?

ఖరగ్‌పూర్ రైల్వే పట్టణాన్ని ఆనుకొని ఉన్న హిజ్లీలో 1951లో మన తొలి ఐఐటీ ప్రారంభమైంది. ఆ ప్రాంతంలో తరతరాలుగా తెలుగు రైల్వే కుటుంబాలున్నాయి. అలాంటి ఒక ఇంటి బీరువాలో 2003 నాటి డిజిటల్ కెమెరా దొరికిందనుకుందాం. కొత్త సెల్లులు రెండు వేసి మీట నొక్కితే, లెన్సు కాస్త బయటికొచ్చి ఆగిపోయింది. పాత సామాన్లవాడికి వేసేయవలసిందేనా? తొందరపడకండి!

మల్టీమీటరుతో కొలిస్తే రెండు సెల్లులూ కలిపి 3 వోల్టులు చూపుతాయి. మరి లోపమెక్కడ? మల్టీమీటరు తీసుకునే విద్యుత్తు అత్యల్పం. లెన్సు కదిలేటప్పుడు కెమెరా మాత్రం 1 ఆంపియరు దాకా తీసుకోవచ్చు. సెల్లులు ఆనే రేకులపై పేరుకున్న పొర నిరోధం 1 ఓమ్ అయినా, ఓమ్ నియమం ప్రకారం 1 వోల్టు అక్కడే పోతుంది. మిగిలిన 2 వోల్టులు చాలక కెమెరా ఆగిపోతుంది.

ఆ పొర ఎక్కడిది? ఏళ్లతరబడి లోపలే ఉండిపోయిన ఆల్కలైన్ సెల్లు నుంచి పొటాషియం హైడ్రాక్సైడ్ కారుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడుతో కలిసి అది తెల్లని పొటాషియం కార్బొనేటు అవుతుంది. ఇది క్షార స్వభావం గలది. కాబట్టి బలహీన ఆమ్లంతో పోతుంది. రబ్బరు తొడుగులు, కళ్లద్దాలు పెట్టుకుని, సెల్లులు తీసేసి, వినిగరులో కొద్దిగా తడిపిన దూదిపుల్లతో రేకులు తుడవండి. ఆపైన స్పిరిటుతో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. మామూలు జింక్-కార్బన్ సెల్లుల అంతర్నిరోధం ఎక్కువ. వాటికి బదులు ఆల్కలైన్ సెల్లులు వేయండి.

కెమెరాను మాత్రం విప్పకండి. సెల్లులు తీసేసినా ఫ్లాష్ కెపాసిటరులో దాదాపు 300 వోల్టులు నిలిచి ఉండవచ్చు.

కెమెరా పనిచేస్తే సంతోషమే. కానీ మళ్లీ బీరువాలో పెట్టేముందు సెల్లులు తీసేయడం మరవకండి!