కుక్క బోను బల్లగా మారితే

ఇంట్లో కుక్కను పెంచేవాళ్ళకు ఒక చిక్కు ఉంది. బజారులో దొరికే ఇనుప చువ్వల బోను అంత అందంగా ఉండదు. ముందుగదిలో పెడితే సర్కసు డేరాలోంచి తెచ్చిన సామానులా కనిపిస్తుంది. అందుకని కొందరు దానిమీద చెక్క పలక వేసి బల్లగా వాడుకుంటారు. చుట్టూ తెర కుట్టి వేలాడదీస్తారు. మరికొందరు వడ్రంగిచేత టీవీ బల్ల అడుగు అరలోనే కుక్కకు గూడు చేయిస్తారు. వచ్చినవాళ్ళకు బల్ల కనిపిస్తుంది, లోపల కుక్క నిద్రపోతూ ఉంటుంది.

ఆలోచన మంచిదే, చోటు కలిసివస్తుంది. కాని చెక్కా గుడ్డా మన చూపుకు అడ్డుపడినట్టే గాలికీ అడ్డుపడతాయి. దానివల్ల కుక్కకు ఏమవుతుంది? ఇది తెలియాలంటే కుక్క తన ఒంటి వేడిని ఎలా బయటికి పంపుతుందో ముందు తెలుసుకోవాలి.

మనకు ఒళ్ళంతా చెమట పడుతుంది. చెమట ఆవిరి అవుతూ చర్మంలోని వేడిని తీసుకుపోతుంది. కుక్కకు చెమట పట్టేది ముఖ్యంగా అరికాళ్ళ మెత్తల్లోనే. ఒళ్ళంతా బొచ్చు. కాబట్టి అది నోరు తెరిచి, నాలుక చాపి రొప్పుతుంది. మామూలుగా నిమిషానికి 15 నుంచి 30 సార్లు ఊపిరి తీసే కుక్క, రొప్పేటప్పుడు 200 సార్లకు పైగా కూడా తీస్తుంది. నాలుకమీద, ముక్కు లోపల ఉన్న తడి ఆవిరి అవుతుంది. ఒక గ్రాము నీరు అలా ఆవిరి కావడానికి సుమారు 580 కెలోరీల వేడి కావాలి. అంటే 580 గ్రాముల నీటిని ఒక డిగ్రీ చల్లబరచినంత పని ఒక్క గ్రాము తడి చేస్తుందన్నమాట! పగ్ లాంటి పొట్టి ముక్కు కుక్కలకు ఈ ఏర్పాటు సరిగా పనిచేయదు, వాటికి ఎండాకాలం మరీ కష్టం.

ఇప్పుడు ఒక చిన్న ప్రయోగం చేయండి. ఒకే కొలత గల రెండు గుడ్డముక్కలు తడిపి బాగా పిండండి. ఒకదాన్ని మూత బిగించిన స్టీలు డబ్బాలో పెట్టండి. రెండోదాన్ని గాలి ఆడేచోట ఆరేయండి. కొన్ని గంటల తరవాత చూడండి. డబ్బాలోని గుడ్డ ఇంకా తడిగానే ఉంటుంది. లోపలి గాలి పట్టగలిగినంత నీటి ఆవిరిని పట్టేసింది, ఇక కొత్తగా ఆవిరి కావడానికి వీలు లేదు. నాలుగువైపులా మూసిన బోనులో కుక్క రొప్పినప్పుడు జరిగేది కూడా ఇదే. దాని ఊపిరిలోని తేమే దాని చుట్టూ నిండిపోతుంది. ఎంత రొప్పినా ఒళ్ళు చల్లబడదు.

కుక్క ఒంటి వేడి మామూలుగా 38, 39 సెంటీగ్రేడు డిగ్రీల మధ్య ఉంటుంది. 41 దాటితే ప్రాణాపాయం. రెంటచింతల, రామగుండంలాంటి చోట్ల వేసవిలో గాలి వేడే 45 డిగ్రీలు దాటిన రోజులున్నాయి. గాలి ఒంటికన్నా వేడిగా ఉన్నప్పుడు రొప్పడం తప్ప కుక్కకు వేరే దారి లేదు. చొంగ చిక్కగా కారుతూ, చిగుళ్ళు ఎర్రబడి, కుక్క తూలుతుంటే వడదెబ్బ తగిలిందని గుర్తించండి. వెంటనే నీడలోకి తెచ్చి, ఒంటిమీద చల్లని నీళ్ళు పోసి, ఫ్యాను కింద ఉంచి, ఆ తరవాత పశువైద్యుడి దగ్గరకు తీసుకుపోవాలి.

మరి బోనును బల్లగా మార్చవద్దా? మార్చవచ్చు. మన పాత ఇళ్ళలో కప్పుకింద గోడలకు గవాక్షాలు ఉండటం చూసే ఉంటారు. వేడెక్కిన గాలి తేలికై పైకి పోతుంది, దాని స్థానంలో కిందినుంచి చల్లగాలి వస్తుంది. బోనుకూ ఇదే సూత్రం. పైపలకను చువ్వలమీద ఆనించకుండా నాలుగు మూలలా చెక్క దిమ్మలు పెట్టి రెండంగుళాలు ఎత్తండి. వెనకవైపు మూయకుండా, గోడకు జానెడు ఎడం ఉంచండి. తెర పలచటి నూలుగుడ్డదై, ఒకటి రెండు వైపులకు మించకుండా ఉంటే చాలు. పడమటి కిటికీ దగ్గర మాత్రం పెట్టవద్దు. పైన టీవీ పెట్టెలూ స్టెబిలైజరూ పెట్టడం కూడా నాకు నచ్చదు. అవి వేడిని ఇస్తాయి, వాటి తీగలు కుక్క కొరకడానికి అందుతాయి. ఇక లోపల కుక్క తల వంచకుండా నిలబడి, వెనక్కి తిరిగి, కాళ్ళు చాపుకొని పడుకోగలగాలి.

తోడేలుకు గుహ ఉన్నట్టే కుక్కకు బోనంటే ఇష్టమని చెబుతుంటారు. తోడేలు గుహను వాడుకునేది ముఖ్యంగా పిల్లల్ని కని పెంచడానికే. పైగా ఆ గుహకు బయటినుంచి గొళ్ళెం ఉండదు! అలవాటైన కుక్క బోనులో హాయిగా పడుకునే మాట నిజమే, రోజంతా మూసి ఉంచడం వేరే సంగతి.

రంగుల విషయంలో కుక్కకు పెద్ద పట్టింపు లేదు. దాని కంటికి నీలమూ పసుపూ తెలుస్తాయి. ఎరుపూ ఆకుపచ్చా వేరుగా తోచవు. కాని రంగు వాసన, వార్నిషు వాసన దాని ముక్కుకు ఎంత ఘాటుగా ఉంటాయో ఊహించండి. వాసన పూర్తిగా పోయేదాకా కుక్కను లోపలికి పంపవద్దు. అటకమీది పాత చెక్కలతో బల్ల చేయిస్తే, వాటిమీద రంగులో సీసం ఉండవచ్చు. ఇంటి రంగుల్లో సీసం పదిలక్షల వంతుల్లో 90 వంతులు మించరాదన్న నిబంధన మన దేశంలో 2016లో వచ్చింది. అంతకుముందటి రంగులను నమ్మలేం, కుక్కలేమో చెక్కను కొరుకుతాయి. అలమారులో వేసినట్టు కలరా ఉండలు ఇందులో వేయకండి, అవి కుక్కకు విషం.

దీపావళి రాత్రి మాత్రం తెరను కాస్త ఎక్కువగా దించవచ్చు. మనకు వినిపించని సన్నని శబ్దాలు కూడా కుక్కకు వినిపిస్తాయి, టపాకాయలకు బెదిరిపోతుంది. మూడు వైపులా దుప్పటి కప్పి, ముందువైపు తెరిచి, తలుపు గొళ్ళెం తీసి ఉంచండి.