రోహిణీ కార్తెలో ఆర్కిడ్ పూలు

రోహిణీ కార్తె ఎండలకు రోళ్ళు పగులుతాయని సామెత. మా సూర్యాపేటలోనూ, కోదాడ, మిర్యాలగూడలలోనూ మే నెలలో ఉష్ణోగ్రత 42, 44 డిగ్రీల సెల్సియస్ దాకా పోతుంది. వడగాడ్పులకు మిద్దెల మీది కుండీల్లో గులాబీలు తలలు వాల్చేస్తాయి. అలాంటి ఎండల్లో ఆర్కిడ్లు పెంచాలని సరదాపడేవారు ఈ మూడు ఊళ్ళలోనూ ఉన్నారు. వారిలో నేనూ ఒకణ్ణి. మొదట తెచ్చిన రెండు మొక్కలనూ నా తెలివితక్కువతనం వల్లనే పోగొట్టుకున్నాను. అవి ఎందుకు చచ్చిపోయాయో తెలుసుకుంటే ఆర్కిడ్ ఎలా బతుకుతుందో మీకూ తెలుస్తుంది.

మన ఎండలకు పూసే ఆర్కిడ్

ఆర్కిడ్ అనగానే మంచుకొండలూ, ఈశాన్య రాష్ట్రాలూ గుర్తుకొస్తాయి. మన దేశంలో సుమారు 1,250 జాతుల ఆర్కిడ్లు ఉన్నాయి. ఎక్కువ భాగం అక్కడివే, నిజమే. కాని మన పొడి అడవుల్లో ఎండాకాలంలోనే పూసే ఆర్కిడ్ కూడా ఒకటి ఉంది. దాని పేరు వాండా టెస్సెల్లేటా. సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్ కోరమాండల్ తీరపు మొక్కలను గురించి రాసిన గ్రంథంలో, 1795లో, దీన్ని వర్ణించాడు. పసుపు, ఆకుపచ్చ కలిసిన రేకుల మీద గోధుమరంగు గళ్ళు ఉంటాయి. 'టెస్సెల్లేటా' అంటే గళ్ళు గలది అని అర్థం. పువ్వుకు మంచి సువాసన కూడా ఉంటుంది.

ఈ మొక్క నేలమీద మొలవదు. చెట్టు కొమ్మను పట్టుకొని పెరుగుతుంది. కొమ్మమీద పెరిగే మొక్క దేన్నయినా 'బదనిక' అనేయడం మనకు అలవాటు. కాని మామిడిచెట్టు మీద పెరిగే అసలు బదనిక పరాన్నజీవి. అది తన వేళ్ళను కొమ్మలోకి దింపి చెట్టు రసాన్ని పీలుస్తుంది. ఆర్కిడ్ అలా చేయదు. చెట్టు దానికి ఇల్లు మాత్రమే, అన్నం కాదు. ఇలాంటి మొక్కలను వృక్షోపజీవులు అంటారు.

మొదటి తప్పు: మట్టి

నేను మొదట తెచ్చిన మొక్క డెండ్రోబియం అనే ఆర్కిడ్. మల్లెమొక్కకు పెట్టినట్టే ఎర్రమట్టి, పశువుల ఎరువు కలిపి కుండీలో నాటాను. నెలరోజుల్లో వేళ్ళు కుళ్ళిపోయాయి. కారణం ఏమిటి?

ఆర్కిడ్ వేరుపైన 'వెలామిన్' అనే తెల్లని పొర ఉంటుంది. ఇందులోని కణాలు చనిపోయినవి. వాటిలో గాలి నిండి ఉంటుంది. వాన పడగానే ఈ పొర స్పంజిలా నీటిని పీల్చుకొని, లోపలి వేరుకు మెల్లగా అందిస్తుంది. మరుసటి వాన దాకా మళ్ళీ ఆరిపోతుంది. తడవడం, ఆరడం, రెండూ దానికి అవసరమే. ఎప్పుడూ తడిగా ఉండే మట్టిలో పెడితే గాలి అందక చస్తుంది.

దీన్ని మీరే చూడవచ్చు. ఎండిన వేరు వెండిలా తెల్లగా ఉంటుంది. నీళ్ళు చల్లండి. కొద్ది నిమిషాల్లో ఆకుపచ్చగా మారుతుంది. కణాల్లో గాలి పోయి నీరు చేరడంతో పొర పారదర్శకమై, లోపలి పత్రహరితం కనబడుతుందన్నమాట. మొక్కకు దాహం వేసిందో లేదో చెప్పే గుర్తు ఇదే.

రెండవ తప్పు: బోరు నీళ్ళు

రెండవ మొక్కను బొగ్గుముక్కలు, ఇటుకముక్కలు, కొబ్బరి డొక్కలు వేసి నాటాను. రోజూ బోరు నీళ్ళు పోశాను. వేసవి ముగిసేసరికి వేళ్ళ కొసలు నల్లబడ్డాయి. బొగ్గుల మీద తెల్లని పెచ్చు కట్టింది.

మన ఉమ్మడి నల్లగొండ జిల్లాలో చాలాచోట్ల భూగర్భజలంలో ఫ్లోరైడ్ ఎక్కువని మీకు తెలుసు. ఆర్కిడ్‌కు అదొక్కటే కాదు, నీటిలో కరిగిన లవణాలన్నీ బెడదే. నీరు ఆవిరవుతుంది, లవణాలు మిగిలిపోతాయి. ఎండ ముదిరినకొద్దీ మనం పోసే నీరు పెరుగుతుంది, దానితోపాటు ఉప్పూ పెరుగుతుంది. మాగాయకు మామిడిముక్కల్లో ఉప్పు కలపగానే ఊట దిగడం చూశారు కదా! వేళ్ళ చుట్టూ లవణాలు పేరుకుంటే అదే జరుగుతుంది. ద్రవాభిసరణం వల్ల వేరులోని నీరే బయటికి వస్తుంది. నీళ్ళు పోస్తూనే మొక్కను ఎండబెట్టానన్నమాట.

ఒక స్టీలు పళ్ళెంలో బోరు నీరు, మరొకదానిలో వాననీరు ఎండలో ఉంచి చూడండి. నీరు ఆరిన తరువాత తేడా మీకే కనబడుతుంది. అందుకే నేనిప్పుడు వానాకాలంలో డాబా మీది నీటిని డ్రమ్ముల్లో పట్టి, మూతపెట్టి, వేసవికి దాస్తున్నాను.

అసలు శత్రువు పొడిగాలి

వేసవిలో మొక్కను బాధించేది వేడి ఒక్కటే కాదు, గాలిలో తేమ లేకపోవడం కూడా. రెండు థర్మామీటర్లు తీసుకోండి. ఒకదాని బల్బుకు తడిగుడ్డ చుట్టండి. పొడి బల్బు 42 డిగ్రీలు, తడి బల్బు 24 డిగ్రీలు చూపిస్తే ఆ గాలిలో సాపేక్ష ఆర్ద్రత సుమారు 20 శాతమే. ఈ ప్రయోగాన్ని ముందు మిద్దెమీద, తరువాత వేపచెట్టు కింద చేయండి. ఆర్కిడ్‌ను ఎక్కడ వేలాడదీయాలో థర్మామీటర్లే చెబుతాయి.

ఇంత పొడిగాలిలో అడవి ఆర్కిడ్ ఎలా బతుకుతోంది? దళసరి ఆకులున్న ఆర్కిడ్లలో చాలావాటికి ఒక ఉపాయం ఉంది. అవి పగలు పత్రరంధ్రాలను మూసి ఉంచి, రాత్రి చల్లబడ్డాక తెరుస్తాయి. అప్పుడు కార్బన్ డయాక్సైడ్‌ను తీసుకొని మాలిక్ ఆమ్లంగా నిలవచేసుకుంటాయి. తెల్లవారిన తరువాత తలుపులు మూసి, ఆ నిలవతో కిరణజన్య సంయోగక్రియ సాగిస్తాయి. నీటి పొదుపులో మనకు గురువులే!

కాబట్టి రాత్రి గాలిలో తేమ ఉండడం ముఖ్యం. సాయంత్రం మొక్క కింద నేలను, చుట్టూ కట్టిన గోనెపట్టాలను తడపాలి. మొక్కను మాత్రం తెల్లవారుజామునే తడపాలి. ఆకుల మధ్య నీరు నిలిస్తే కుళ్ళుతుంది. మధ్యాహ్నం ట్యాంకు నీరు మరిగి ఉంటుంది, అప్పుడు పోయకూడదు. ఎరువులు కూడా లవణాలే కనుక మండు వేసవిలో తగ్గించాలి. నీడకు పచ్చవల చాలు. ఆకులు పసుపుబారితే ఎండ ఎక్కువని, ముదురాకుపచ్చగా మారితే వెలుగు చాలలేదని గుర్తు.

అడవిలోది అడవిలోనే

ఇదంతా చదివి అడవికి పోయి ఆర్కిడ్ పీక్కురావాలనుకోకండి. ఆర్కిడ్ గింజలు ధూళిలా సన్ననివి. వాటిలో ఆహారపు నిలవ దాదాపు లేదు. ఒక రకం శిలీంధ్రం తోడుంటేనే అవి మొలుస్తాయని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు నోయెల్ బెర్నార్డ్ 1899లో కనుగొన్నాడు. లక్షల గింజల్లో ఏ కొన్నో మొక్కలవుతాయి. అలా ఏళ్ళ తరబడి పెరిగినదాన్ని మనం ఒక్క నిమిషంలో పీకేస్తాం. 1922లో అమెరికా శాస్త్రజ్ఞుడు లూయిస్ నుడ్సన్ శిలీంధ్రం లేకుండానే, చక్కెర కలిపిన అగర్ మీద ఆర్కిడ్ గింజలను మొలిపించాడు. ఆ దారిలోనే ఇప్పుడు నర్సరీల్లో సీసాల్లో పెంచిన మొక్కలు దొరుకుతున్నాయి. అవే కొనాలి.

నా మూడవ మొక్క నర్సరీలో కొన్న వాండా. మా వేపచెట్టు నీడలో తీగబుట్టలో వేలాడుతోంది. కిందటి వేసవిలో దానికి అయిదు పూలు పూశాయి. ఇంట్లో అందరూ పూలనే చూశారు. నేను మాత్రం ముందు వేళ్ళను చూశాను. కొసలు పచ్చగా ఉన్నాయి.