జేబులో కార్డు... గుండెల్లో గుబులు

చదువుకనో కొలువుకనో ఐర్లండ్ వెళ్లిన మనవాళ్లకు అక్కడ ఉండే హక్కునిచ్చేది ఒక చిన్న ప్లాస్టిక్ కార్డు. వీధిలో దెబ్బలు తిన్నప్పుడు నోరు నొక్కేస్తున్నదీ ఆ కార్డు పోతుందేమోనన్న భయమే.

‘విదేశాల్లో మనవాళ్ల మీద దాడులు. వచ్చే ఆదివారం ముఖచిత్ర కథనం. గురువారం సాయంత్రానికల్లా కాపీ రావాలి’ అన్నారు ఎడిటర్‌గారు. అమెరికా, ఆస్ట్రేలియా, బ్రిటన్ అన్నీ కలిసొచ్చేలా ఆయన ఊహ. నేను ఐర్లండ్ ఒక్కదాన్నే పట్టుకున్నాను. ఆ దేశమంటే నాకు మొదట్నుంచీ అభిమానం. పరాయి పాలనలో నలిగి, కరవుతో చితికి, పొట్ట చేత పట్టుకుని ప్రపంచమంతా వలసపోయిన జాతి అది. వలసవాళ్ల కష్టం తెలిసిన అలాంటి చోట మన పిల్లలు రోడ్డు మీద నెత్తురోడితే బాధ రెట్టింపవుతుంది.

2025 జులై 19న డబ్లిన్ శివారు టాలాలో ఒక భారతీయుణ్ని కొందరు కుర్రాళ్లు చుట్టుముట్టి రక్తం కారేలా కొట్టారు. బట్టలు ఊడదీశారు. ఆయన ఆ దేశంలో అడుగుపెట్టి కొద్ది వారాలే. పైగా ఆయన మీదే సోషల్ మీడియాలో ఒక నింద మోపారు, అది వట్టి అబద్ధం. ఆగస్టు మొదట్లో వాటర్‌ఫోర్డ్‌లో ఇంటి ముందు ఆడుకుంటున్న ఆరేళ్ల భారతీయ పాపను తనకంటే పెద్ద పిల్లలు కొట్టారు. ఆ నెలలో జరగాల్సిన ఇండియా డే వేడుకను నిర్వాహకులు వాయిదా వేసుకున్నారు. అప్పటి దేశాధ్యక్షుడు మైకేల్ డి. హిగ్గిన్స్ ఈ దాడుల్ని తీవ్రంగా ఖండించారు. ఇదంతా పత్రికల్లో వచ్చిందే. నాకు కావలసింది ఆ వార్తల వెనకున్నది. అందుకే డబ్లిన్‌లో ఉంటున్న మా పిన్ని కొడుక్కి వీడియో కాల్ చేశాను.

‘దాడుల సంగతి తర్వాత చెప్తానక్కా, ముందు ఇది చూడు’ అంటూ వాడు పర్సులోంచి ఒక కార్డు తీసి కెమెరా ముందు పెట్టాడు.

వంతెనకు అటూ ఇటూ

డబ్లిన్ నడిబొడ్డున లిఫీ నది పారుతుంది. దాని దక్షిణపు ఒడ్డున, బర్గ్ కీ అనే వీధిలో ఆ కార్డు ఇచ్చే ఇమిగ్రేషన్ రిజిస్ట్రేషన్ ఆఫీసు ఉంది. కొత్తగా నగరంలో దిగిన విద్యార్థి అయినా ఉద్యోగి అయినా వేలిముద్రలిచ్చి, 300 యూరోలు కట్టాల్సింది అక్కడే. మన లెక్కలో ముప్పై వేల రూపాయల పైమాటే. అక్కణ్నుంచి నది వెంట పడమటికి కాస్త నడిస్తే టెంపుల్ బార్. పబ్బులు, పాటలు, ప్రపంచం నలుమూలల నుంచి వచ్చిన పర్యాటకులు. అటు వెళ్లకుండా ఓకానెల్ వంతెన దాటితే ఓకానెల్ స్ట్రీట్. 2023 జులైలో దానికి దగ్గర్లోని టాల్బట్ స్ట్రీట్‌లో ఒక అమెరికా పర్యాటకుణ్ని టీనేజి కుర్రాళ్లు చావగొట్టారు. అమెరికా ఎంబసీ తన పౌరుల్ని హెచ్చరించాల్సి వచ్చింది. అదే ఏడాది నవంబరు 23న పార్నెల్ స్క్వేర్‌లో ఒక స్కూలు బయట చిన్నపిల్లల మీద కత్తిదాడి జరిగింది. చేసింది వలస వచ్చినవాడన్న ప్రచారం గుప్పుమనడంతో ఆ రాత్రి ఓకానెల్ స్ట్రీట్ తగలబడింది. బస్సులు, ట్రామ్, పోలీసు కార్లు కాలిపోయాయి. ఆ దుండగుణ్ని హెల్మెట్‌తో కొట్టి ఆపినవాడు కూడా వలస వచ్చినవాడే, బ్రెజిల్ నుంచి వచ్చిన డెలివరీ రైడర్. ఆ సంగతి మంటపెట్టినవాళ్ల చెవికెక్కలేదు.

కార్డు ఇచ్చే ఆఫీసుకూ భయపెట్టే వీధికీ మధ్య ఉన్నది ఒక్క వంతెన.

కార్డు మీద ఒక అంకె

మా తమ్ముడు చూపించిన కార్డు పేరు ఐరిష్ రెసిడెన్స్ పర్మిట్. అక్కడ అందరూ ఐఆర్‌పీ అంటారు. ఏటీఎం కార్డంతే ఉంటుంది. ఫొటో, పేరు, గడువు తేదీ, ఒక స్టాంప్ నంబరు. జీవితమంతా ఆ నంబరులోనే ఉంది. ఇద్దరు తెలుగువాళ్లు డబ్లిన్‌లో కొత్తగా కలిస్తే ఊరు, కాలేజీ అయ్యాక వచ్చే ప్రశ్న ‘ఏ స్టాంప్ మీద ఉన్నావు?’ అనేదే.

విద్యార్థికి స్టాంప్ 2. క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలు, సెలవుల్లో 40 గంటలు పని చేసుకోవచ్చు. 2025లో అక్కడ కనీస వేతనం గంటకు 13.50 యూరోలు. అంటే చదువుకునే రోజుల్లో వారానికి 270 యూరోలు. గది అద్దె కట్టాక అందులో మిగిలేదేమీ ఉండదు. మాస్టర్స్ అయ్యాక స్టాంప్ 1జీ ఇస్తారు. ఉద్యోగం వెతుక్కోవడానికి రెండేళ్లు. పర్మిట్ ఇచ్చే కంపెనీ దొరికితే స్టాంప్ 1. ఇక్కడ దారి రెండుగా చీలుతుంది. కొరత ఉన్న వృత్తుల జాబితాలో ఉండి, సంబంధిత డిగ్రీ ఉండి, జీతం నిర్ణీత హద్దు దాటితే క్రిటికల్ స్కిల్స్ పర్మిట్. (2024 జనవరిలో ఆ హద్దును ఏడాదికి 38,000 యూరోలుగా పెట్టారు.) వీళ్లకు రెండేళ్లు తిరక్కుండానే స్టాంప్ 4 చేతికొస్తుంది. అప్పుడిక ఏ కంపెనీలోనైనా చేరొచ్చు, సొంత వ్యాపారమూ పెట్టుకోవచ్చు. ఆ జాబితాలో లేని పనులకు వచ్చేది జనరల్ పర్మిట్. వృద్ధాశ్రమాల్లో సహాయకులు, వంటవాళ్లు ఈ దారిలోకి వస్తారు. స్టాంప్ 4 కోసం వీళ్లు దాదాపు ఐదేళ్లు ఆగాలి. భార్యాపిల్లల్ని పిలిపించుకోవడానికీ నిరీక్షణే, ఆదాయం చూపించాల్సిందే.

స్టాంప్ 1 కార్డుంటే యజమానితో ముడి పడ్డట్టే. అయితే ఒక మంచి మార్పు వచ్చింది. 2024 సెప్టెంబరు నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం ప్రకారం తొమ్మిది నెలలు పనిచేశాక మరో కంపెనీకి మారవచ్చు. లేఆఫ్‌లో ఉద్యోగం ఊడితే నాలుగు వారాల్లోగా ఆ సంగతి పర్మిట్లిచ్చే శాఖకు తెలియజేయాలి. అలా తెలియజేస్తే ఇంకో ఉద్యోగం వెతుక్కోవడానికి ఆరు నెలలుంటాయి. నేను మాట్లాడినవాళ్లలో ఈ నాలుగు వారాల నిబంధన తెలిసినవాళ్లు తక్కువ. లేఆఫ్ మెయిలు వచ్చిన రోజున ఎవరికైనా కాళ్లూ చేతులూ ఆడవు, ఇలాంటివి వెతుక్కునే స్థిమితం ఉండదు. ముందే తెలిసి ఉండాలి.

ఇంత బరువున్న ఈ కార్డు గురించి ఐరిష్ ప్రభుత్వమే చెప్పేదేమిటంటే, ఇది గుర్తింపు కార్డు కాదు. పోలీసులు అడిగితే మాత్రం చూపించి తీరాలి.

ఫిర్యాదు ఎందుకు ఇవ్వలేదు?

మా తమ్ముడి గదిలో ఉండే కుర్రాడిది నల్గొండ వైపు. స్టాంప్ 2. రాత్రిళ్లు సైకిలు మీద ఫుడ్ డెలివరీ చేస్తాడు. ఒక రాత్రి టెంపుల్ బార్ దాటి వస్తుంటే కుర్రకారు గుంపు గుడ్లు విసిరింది, బూతులు తిట్టింది, సైకిలు లాక్కుంది. సైకిలు పోయిన దుఃఖం కంటే, చూస్తూ నిలబడ్డవాళ్లలో ఒక్కరూ నోరెత్తలేదన్నదే వాణ్ని ఎక్కువ బాధపెట్టింది. మర్నాడు పోలీస్ స్టేషన్‌కు వెళ్దామని మా తమ్ముడంటే, ‘వద్దన్నా, వదిలెయ్’ అన్నాడట.

కారణం కార్డు. డెలివరీ యాప్‌లు రైడర్లను ఉద్యోగులుగా కాక స్వయం ఉపాధి కింద లెక్కేస్తాయి. స్టాంప్ 2 మీద స్వయం ఉపాధి చెల్లదు. అందుకని పిల్లలు ఎవరో ఒకరి అకౌంట్ అద్దెకు తీసుకుని తిరుగుతారు. దెబ్బ తిన్న రాత్రి పోలీసు ముందు నిలబడితే ‘ఆ వేళలో అక్కడేం చేస్తున్నావు?’ అన్న ప్రశ్న వస్తుంది. జవాబు చెబితే వీసాకు ముప్పేమోనని భయం. కొట్టినవాడికి ఈ సంగతులేమీ తెలియకపోవచ్చు. కానీ తాను కొట్టినవాళ్లు ఫిర్యాదు ఇవ్వరని మాత్రం బాగా తెలుసు.

ఏ నిబంధనా ఉల్లంఘించని సాఫ్ట్‌వేర్ ఉద్యోగులూ వెనకాడుతున్నారు. పౌరసత్వానికి దరఖాస్తు చేసినప్పుడు నడవడిక చూస్తారు, పోలీసు విచారణ ఉంటుంది. ‘పేరు పోలీసు రికార్డులోకి ఎక్కడం ఎందుకు?’ అన్నది వీళ్ల మాట. అది అపోహ. దెబ్బలు తిన్నవాడు ఫిర్యాదిస్తే అతని నడవడికకు మచ్చేమీ రాదు. అయితే ఈ అపోహకు వేరు ఎక్కడుందో చూడాలి. ఐర్లండ్ పోలీసుల్ని గార్డా అంటారు. ఇమిగ్రేషన్ వ్యవహారాలు చూసే విభాగమూ గార్డాలో ఉంది. డబ్లిన్ బయట అయితే ఇటీవలి దాకా ఐఆర్‌పీ రిజిస్ట్రేషన్ జరిగింది స్థానిక గార్డా స్టేషన్లలోనే. ఏ కౌంటర్ ముందు కార్డు కోసం గుండె చేత్తో పట్టుకుని నిలబడ్డాడో, అదే గడప తొక్కి ‘నన్ను కొట్టారు’ అని చెప్పమంటే ఎవరికైనా కాళ్లాడవు.

బాధితుడు చెప్పే మాట ఇమిగ్రేషన్ ఫైలు దాకా వెళ్లదని ఐరిష్ ప్రభుత్వం రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి. ఖండన ప్రకటనల కంటే అది వెయ్యి రెట్లు మేలు చేస్తుంది.

ఆ సలహా ఎవరికి?

2025 ఆగస్టు 1న డబ్లిన్‌లోని భారత రాయబార కార్యాలయం ఒక సూచన జారీ చేసింది. దాడులు పెరుగుతున్నాయి, జాగ్రత్తగా ఉండండి, వేళకాని వేళ నిర్మానుష్యమైన చోట్ల తిరగవద్దు అన్నది సారాంశం. రాసినవాళ్ల ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ ఐర్లండ్ ఆసుపత్రుల్లో నైట్ డ్యూటీలు చేసేవాళ్లలో మన దేశపు నర్సులు ఎంతోమంది ఉన్నారు. రాత్రి షిఫ్టు ఎక్కేవాళ్లకు, పబ్బులు మూసేదాకా అంట్లు తోమే విద్యార్థులకు వేళకాని వేళే పనివేళ. వాటర్‌ఫోర్డ్ పాప ఏ నిర్మానుష్య ప్రదేశానికి వెళ్లింది? జాగ్రత్త చెప్పడంతో ఆగకుండా ‘ఫిర్యాదు ఇవ్వండి, మీ వెంట మేం వస్తాం’ అని ఉంటే ఆ కాగితానికి విలువ ఉండేది.

అక్కడి జనంలో కోపం ఉన్న మాట నిజం. ఇళ్లు చాలవు, అద్దెలు మండిపోతున్నాయి. ఆ కోపాన్ని పక్కింటి వలస కుటుంబం మీదికి మళ్లించే ముఠాలు తయారయ్యాయి. 2022 జనాభా లెక్కల ప్రకారం ఐర్లండ్‌లో భారత పౌరులు 45,449 మంది. ఇళ్ల కొరత తెచ్చింది వీళ్లు కాదు.

నిజానికి ఐర్లండ్‌తో మన బంధం పాతది. మన వి.వి. గిరి 1913లో లా చదవడానికి వెళ్లింది డబ్లిన్‌కే. 1916 ఈస్టర్ తిరుగుబాటు నాటికి అక్కడి స్వాతంత్య్ర ఉద్యమకారులతో పరిచయాలు పెంచుకున్నాడు, పోలీసు నిఘాలో పడ్డాడు, ఆ ఏడాదే దేశం విడిచి వెళ్లాల్సి వచ్చింది. ఆ కుర్రాడే కార్మిక నాయకుడై, 1969లో రాష్ట్రపతి అయ్యాడు. అటు నుంచి ఇటు వచ్చినవాళ్లూ ఉన్నారు. ఐరిష్ కవి జేమ్స్ కజిన్స్ మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో పనిచేశాడు. 1919లో రవీంద్రుడు అక్కడ బస చేసినప్పుడు జనగణమన బాణీకి స్వరలిపి సిద్ధం చేసింది కజిన్స్ భార్య మార్గరెట్, ఐర్లండ్ ఆడపడుచు.

కోత పడిన డబ్బు మీదే

ఈ భయాల మధ్య తమకున్న హక్కులనూ మనవాళ్లు మరచిపోకూడదు. జీతంలో పీఆర్ఎస్ఐ పేరుతో కోసేది సామాజిక బీమా చందా. స్వదేశానికి తిరిగి వచ్చేస్తే అది పోయినట్టేనని చాలామంది అనుకుంటారు. కనీసం 520 వారాలు, అంటే పదేళ్లు చందా కట్టి ఉంటే 66 ఏళ్లు నిండాక కాంట్రిబ్యూటరీ పెన్షన్‌కు అర్హత వస్తుంది. ఏ దేశంలో ఉన్నా అది అందుతుంది. 2025లో దాని గరిష్ఠ రేటు వారానికి 289.30 యూరోలు. ఎంత వస్తుందన్నది ఎన్నేళ్లు కట్టారన్న దాన్ని బట్టి ఉంటుంది. అక్కడే స్థిరంగా ఉంటున్నారని తేలితే పిల్లలకు నెలకు తలా 140 యూరోల చైల్డ్ బెనిఫిట్ వస్తుంది. పౌరసత్వానికి ఐదేళ్ల నివాసం లెక్క చూస్తారు. స్టాంప్ 2 మీద గడిపిన కాలం అందులోకి రాదు. దరఖాస్తుకు 175 యూరోలు, మంజూరయ్యాక 950. ఐరిష్ పౌరసత్వం తీసుకుంటే భారత పౌరసత్వం వదులుకోవాల్సిందే.

దాడి జరిగితే...

అత్యవసరమైతే 112 లేదా 999. ఫిర్యాదు ఇచ్చాక పోలీసుల కంప్యూటర్ వ్యవస్థ ‘పల్స్’లో నమోదైన నంబరు అడిగి రాసుకోండి. తర్వాత కేసు ఎక్కడి దాకా వచ్చిందో తెలుసుకోవడానికి అదే ఆధారం. ఇంగ్లిష్ తడబడేవాళ్లు దుబాసీని కోరవచ్చు, 2017 బాధితుల చట్టం ఇచ్చిన హక్కు అది. జాతి, రంగు, దేశం మీద ద్వేషంతో కొట్టారనిపిస్తే ఆ మాట ఫిర్యాదులో స్పష్టంగా చెప్పండి. 2024 డిసెంబరు 31 నుంచి అమల్లోకి వచ్చిన ద్వేష నేరాల చట్టం కింద శిక్ష పెరుగుతుంది. బాధితుల సహాయ నంబరు 116 006.

ఇక్కడున్న అమ్మానాన్నలకు ఒక మాట. కన్సల్టెన్సీకి ఫీజు కట్టేముందు కాలేజీ ర్యాంకు ఒక్కటే అడిగి ఊరుకోకండి. వచ్చే స్టాంప్ ఏది, దాని మీద ఏ పని చెల్లుతుంది, ఏది చెల్లదు, మొదటి ఏడాది అద్దెకు ఎంత కావాలి అని గట్టిగా అడగండి. ఆ డబ్బు చేతిలో పెట్టి పంపగలిగితేనే పంపండి. అది లేక వెళ్లిన పిల్లలే అద్దె అకౌంట్లతో రాత్రిళ్లు సైకిళ్లెక్కుతున్నారు, దెబ్బలు తిని కూడా మీకు చెప్పడం లేదు. ఈ ఆదివారం ఫోన్ చేసినప్పుడు రాత్రి ఇంటికి ఎలా వస్తున్నావని అడగండి. ఏదైనా జరిగి ఉంటే ఫిర్యాదు ఇవ్వమని మీరే చెప్పండి.